బి.సి.జి. టీకా వివాదం

బి.సి.జి. టీకా వివాదం క్షయ వ్యాధి నివారణకై పిల్లలకు వేసే బి.సి.జి. టీకా విషయమై 1948 - 1955 సంవత్సరాల మధ్య ప్రధానంగా మద్రాసు రాష్ట్రంలో, దాని పొరుగు ప్రాంతాలలో జరిగిన బహిరంగ చర్చ. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు, బలహీనపరచినదే అయినా, సజీవ సూక్ష్మజీవిని ఎక్కించడం ఎంతవరకు సబబు, టీకా పనిచేస్తుందనడానికి ఋజువు ఏమిటి, తల్లిదండ్రుల అనుమతి ఎలా తీసుకోవాలి అనేవి ఇందులో ముఖ్యమైన ప్రశ్నలు. మాజీ గవర్నర్ జనరల్ చక్రవర్తి రాజగోపాలాచారి ఈ టీకాను వ్యతిరేకించినవారిలో ప్రముఖుడు. కేంద్ర ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ దానిని సమర్థించినవారిలో ముఖ్యురాలు.

ఈ వివాదంలో రాయలసీమలోని మదనపల్లెకు ప్రత్యేక స్థానం ఉంది. భారతదేశంలో బి.సి.జి. టీకా కార్యక్రమం 1948 ఆగస్టులో ఇక్కడే మొదలయింది. ఆ టీకా ఎంతవరకు పనిచేస్తుందో కొలవడానికి 1950లో ప్రారంభమయిన దీర్ఘకాల పరిశోధన కూడా ఈ పట్టణంలోను, చుట్టుపక్కల గ్రామాలలోను జరిగింది.

నేపథ్యం

స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతదేశంలో క్షయ అతి పెద్ద ఆరోగ్య సమస్యలలో ఒకటి. 1946లో వెలువడిన భోర్ కమిటీ నివేదిక అంచనా ప్రకారం దేశంలో సుమారు 25 లక్షల మంది క్షయ రోగులు ఉండేవారు. ఏటా 5 లక్షల మంది ఆ వ్యాధితో మరణించేవారు. వీరందరికీ కలిపి ఆసుపత్రులలోను, శానిటోరియంలలోను ఉన్న పడకలు దాదాపు 6,000 మాత్రమే. స్ట్రెప్టోమైసిన్ మందును 1944లో కనుగొన్నా అది సామాన్యులకు అందుబాటులో లేదు. ఐసోనియజిడ్ 1952లో గాని వాడుకలోకి రాలేదు. కనుక రోగులకు చికిత్స చేసి వ్యాధిని అదుపు చేయడం అప్పట్లో అసాధ్యంగా కనిపించింది. వ్యాధి రాకుండా ముందే అడ్డుకునే టీకాపై ప్రభుత్వం ఆశలు పెట్టుకోవడానికి ఇది ముఖ్య కారణం.

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పొడిగాలి, తక్కువ వర్షపాతం గల ఈ ప్రాంతం క్షయరోగులకు అనువైనదని భావించి, క్రైస్తవ మిషనరీ సంఘాలు కలిసి 20వ శతాబ్దపు రెండవ దశకంలో పట్టణానికి సమీపంలో యూనియన్ మిషన్ క్షయ శానిటోరియంను నెలకొల్పాయి. ఆ చోటుకు ఆరోగ్యవరం అని పేరు వచ్చింది. డెన్మార్కుకు చెందిన వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్ దీని తొలి అధిపతి. ఇక్కడ పనిచేసిన పి.వి.బెంజమిన్ తరువాత కేంద్ర ప్రభుత్వానికి క్షయ వ్యాధి సలహాదారు అయ్యాడు.

టీకా పుట్టుక

ఫ్రాన్సు దేశంలోని పాశ్చర్ సంస్థకు చెందిన ఆల్బర్ట్ కాల్మెట్, కామిల్ గెరాన్ అనే శాస్త్రవేత్తలు పశువులకు క్షయ కలిగించే బాక్టీరియాను 1908 నుండి 1921 వరకు 230 పర్యాయాలు తిరిగి తిరిగి పెంచి, దానికి వ్యాధిని కలిగించే శక్తి పోయేటట్లు చేసారు. "కాల్మెట్, గెరాన్‌ల బాసిల్లస్" అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాటల తొలి అక్షరాలే బి.సి.జి. 1921లో పారిస్‌లో ఒక పసిబిడ్డకు దీనిని మొదటిసారిగా నోటి ద్వారా ఇచ్చారు.

1930లో జర్మనీలోని ల్యూబెక్ పట్టణంలో ఈ టీకా ఇచ్చిన శిశువులలో 72 మంది మరణించారు. స్థానిక ప్రయోగశాలలో టీకాతో ప్రమాదకరమైన క్షయ బాక్టీరియా కలిసిపోవడం దీనికి కారణమని విచారణలో తేలింది. బి.సి.జి.లో దోషం లేదని నిర్ధారణ అయినా, ఈ దుర్ఘటన జ్ఞాపకం తరువాతి చర్చలన్నింటినీ వెంటాడింది. స్వీడన్, నార్వే, డెన్మార్క్ దేశాలు టీకాను విస్తృతంగా వాడగా, అమెరికా సంయుక్త రాష్ట్రాలు దానిని తమ పిల్లలందరికీ వేసే కార్యక్రమం చేపట్టలేదు. నిపుణులలోనే ఉన్న ఈ భిన్నాభిప్రాయం భారతదేశంలో వ్యతిరేకులకు ఒక ముఖ్య ఆధారమయింది.

భారతదేశంలో కార్యక్రమం

1948లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో బి.సి.జి. టీకా తయారీకి ప్రయోగశాల ఏర్పాటయింది. అదే సంవత్సరం మదనపల్లెలో టీకాలు వేయడం మొదలయింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం స్కాండినేవియా దేశాల స్వచ్ఛంద సంస్థలు యూనిసెఫ్‌తో కలిసి నడిపిన అంతర్జాతీయ క్షయ నివారణ ఉద్యమం ఇందుకు తోడ్పడింది. 1951 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్‌ల సహాయంతో ఇది దేశవ్యాప్త కార్యక్రమంగా మారింది. తరువాతి కాలంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు డైరెక్టర్ జనరల్ అయిన డెన్మార్కు వైద్యుడు హాఫ్డన్ మాలర్ 1951లో భారతదేశానికి వచ్చి సుమారు పదేళ్ళు క్షయ నివారణ రంగంలో పనిచేసాడు.

అప్పటి పద్ధతిలో రెండు దశలు ఉండేవి.

1. మొదట ముంజేతి చర్మంలోకి ట్యుబర్కులిన్ అనే ద్రవాన్ని కొద్దిగా ఎక్కించేవారు. రెండు మూడు రోజుల తరువాత ఆ చోట ఏర్పడిన గట్టి వాపును కొలిచేవారు. వాపు ఎక్కువగా ఉంటే ఆ వ్యక్తికి అప్పటికే క్షయ బాక్టీరియా సోకిందని అర్థం.
2. వాపు లేనివారికి మాత్రమే భుజంపై చర్మంలోకి బి.సి.జి. టీకా వేసేవారు.

కొన్ని వారాలకు టీకా వేసిన చోట చిన్న పుండు లేచి, మాని, మచ్చగా మిగులుతుంది. ఈ పుండు టీకా సహజ పరిణామమే అయినా, ముందుగా చెప్పనిచోట తల్లిదండ్రులలో భయం కలిగించేది. పరీక్ష కోసం ఒకసారి, టీకా కోసం మరొకసారి పిల్లలను తీసుకురావలసి రావడం కూడా గ్రామాలలో ఇబ్బందిగా ఉండేది. ఒకేచోట ఎక్కువమంది పిల్లలు దొరికే పాఠశాలలు టీకా బృందాలకు అనుకూలమైన కేంద్రాలయ్యాయి.

ప్రతిఘటన

టీకా కార్యక్రమం మొదలయిన కొద్దికాలానికే మద్రాసులో ప్రతిఘటన తలెత్తింది. ఆరోగ్య విషయాలపై పత్రిక నడిపిన ఎ.వి.రామన్ దీనికి వ్యతిరేకంగా విస్తృతంగా రచనలు చేసాడు. 1952 - 1954 మధ్య మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేసి పదవి వదిలిన రాజగోపాలాచారి 1955లో ఈ ఉద్యమానికి నాయకుడయ్యాడు. తాను బి.సి.జి. టీకాను ఎందుకు వ్యతిరేకిస్తున్నదీ వివరిస్తూ ఆ సంవత్సరం ఆంగ్లంలో ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. గవర్నర్ జనరల్‌గా, ముఖ్యమంత్రిగా పనిచేసిన వ్యక్తి స్వయంగా ప్రభుత్వ ఆరోగ్య విధానాన్ని ప్రశ్నించడంతో విషయం దేశమంతటా చర్చకు వచ్చింది.

అప్పటికి 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మదనపల్లె ఉన్న చిత్తూరు జిల్లా అందులో భాగం. కాని టీకా తయారయ్యే గిండీ ప్రయోగశాల మద్రాసులోనే ఉండిపోయింది. ఆనాటి ప్రముఖ తెలుగు దినపత్రికలైన ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ కూడా మద్రాసు నుండే వెలువడేవి. కనుక రాష్ట్రాలు విడిపోయినా ఈ చర్చ తెలుగువారికి పరాయిది కాలేదు.

టీకాల పట్ల అనుమానం అంతకు ముందునుండీ ఉన్నదే. మశూచి టీకాను బ్రిటిషు ప్రభుత్వం అనేకచోట్ల చట్టం ద్వారా నిర్బంధం చేసింది. మహాత్మా గాంధీ మశూచి టీకాలను విమర్శించి, పరిశుభ్రతకు, ప్రకృతి వైద్యానికి ప్రాధాన్యమిచ్చాడు. బి.సి.జి. వ్యతిరేకులలో ఈ భావధార కొంత కనిపిస్తుంది. అయితే వారి వాదనలలో ఎక్కువ భాగం ఆధునిక వైద్యశాస్త్రంలోని భేదాభిప్రాయాలపైనే ఆధారపడింది.

వ్యతిరేకుల వాదనలు

- టీకా వల్ల క్షయ తగ్గుతుందని నిర్ద్వంద్వంగా ఋజువు కాలేదు. ఋజువు కాని పద్ధతిని లక్షలాది పిల్లలపై వాడడం వారిని ప్రయోగ వస్తువులుగా చూడడమే.
- ఇందులో ఉన్నది సజీవ బాక్టీరియా. దాని దీర్ఘకాలిక పరిణామాలు తెలియవు. ఒకసారి ఎక్కించిన దానిని వెనక్కి తీసుకోలేము.
- క్షయకు మూలం పేదరికం, పోషకాహార లోపం, గాలి వెలుతురు లేని ఇరుకు ఇళ్ళు. వాటిని వదిలి టీకాపై దృష్టి పెట్టడం సమస్యను దాటవేయడం.
- పాఠశాలలలో పిల్లలకు టీకా వేసేటపుడు తల్లిదండ్రుల అనుమతి సరిగా తీసుకోవడం లేదు.
- కొన్ని సంపన్న దేశాలు తమ పిల్లలకు వేయని టీకాను భారతదేశంలో ఎందుకు వేయాలి?

సమర్థకుల వాదనలు

- ల్యూబెక్ దుర్ఘటన ప్రయోగశాలలో జరిగిన పొరపాటు వల్ల సంభవించింది. సరిగా తయారుచేసిన టీకా అనేక దేశాలలో కోట్లాది మందికి సురక్షితంగా వేయబడింది.
- ఇళ్ళు, ఆహారం, వేతనాలు మెరుగుపరచవలసిందే. కాని అందుకు దశాబ్దాలు పడుతుంది. ఈలోగా చనిపోయే పిల్లల మాటేమిటి?
- ఒక పడకకు వందలాది రోగులున్న దేశంలో తక్కువ ఖర్చుతో ఎక్కువ మందికి అందించగల సాధనం ఇదొక్కటే.
- టీకా నిర్బంధం కాదు, ఐచ్ఛికం. ఇష్టం లేనివారు వేయించుకోనవసరం లేదు.

రెండు పక్షాల వాదనలలోను బలం ఉన్నది. ప్రమాదం విషయంలో వ్యతిరేకుల భయాలు చాలావరకు నిజం కాలేదు. కాని భారతదేశపు పరిస్థితులలో టీకా ఎంత రక్షణ ఇస్తుందన్న ప్రశ్నకు 1955 నాటికి సమర్థకుల వద్ద కూడా కచ్చితమైన సమాధానం లేదు. ఆ సమాధానం పొందాలంటే టీకా వేసినవారిని, వేయనివారిని ఏళ్ళ తరబడి పోల్చి చూడవలసి ఉంది. అటువంటి పని అప్పటికే మదనపల్లెలో సాగుతున్నది.

మదనపల్లె పరిశోధన

మదనపల్లె శానిటోరియంకు చెందిన జొహాన్నెస్ ఫ్రిమోట్-మోలర్, అతని సహచరులు 1950లో పట్టణంలోను, చుట్టూ ఉన్న గ్రామాలలోను పరిశోధన ప్రారంభించారు. ట్యుబర్కులిన్ పరీక్షలో వాపు రానివారిని ఒకరిని విడిచి ఒకరిగా రెండు వర్గాలు చేసారు. ఒక వర్గానికి టీకా వేసి, మరొక వర్గానికి వేయలేదు. తరువాత సంవత్సరాల తరబడి ఎక్స్-రే తదితర పరీక్షలతో రెండు వర్గాలలోను ఎందరికి క్షయ వచ్చిందో గమనించారు. వీరి నివేదికలు 1964లోను, 1973లోను అంతర్జాతీయ వైద్య పత్రికలలో వెలువడ్డాయి.

1973 నివేదిక నుండి తరువాతి విశ్లేషకులు తీసుకున్న లెక్కలు ఇలా ఉన్నాయి.

- టీకా వేసినవారు 5,069 మంది. వీరిలో క్షయ వచ్చినవారు 33 మంది (వెయ్యికి సుమారు 6.5).
- టీకా వేయనివారు 5,808 మంది. వీరిలో క్షయ వచ్చినవారు 47 మంది (వెయ్యికి సుమారు 8.1).

అంటే టీకా వేసినవారిలో వ్యాధి దాదాపు 20 శాతం తక్కువ. ఇంత చిన్న తేడా యాదృచ్ఛికం కూడా కావచ్చు. బ్రిటన్‌లో పాఠశాల విద్యార్థులపై జరిగిన పరిశోధనలో టీకా వేసిన 13,598 మందిలో 62 మందికి, వేయని 12,867 మందిలో 248 మందికి క్షయ వచ్చింది. అక్కడ రక్షణ 75 శాతం పైమాటే. ఒకే టీకా రెండు దేశాలలో ఇంత భిన్నంగా పనిచేయడం శాస్త్రవేత్తలను ఆశ్చర్యపరచింది.

చెంగల్పట్టు పరిశోధన

సందేహం తీర్చుకోవడానికి భారత వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, అమెరికా ప్రజారోగ్య శాఖల సహకారంతో 1968లో తమిళనాడులోని చెంగల్పట్టు జిల్లాలో మరింత పెద్ద పరిశోధన మొదలుపెట్టింది. ఇందులో సుమారు 2,60,000 మంది పాల్గొన్నారు. టీకా ఎవరికి, టీకా వంటి ఉత్తుత్తి మందు ఎవరికి అన్నది యాదృచ్ఛికంగా నిర్ణయించారు.

ఏడున్నర సంవత్సరాల ఫలితాలు 1979 - 1980లో వెలువడ్డాయి. టీకా వేసిన వర్గంలో 505 మందికి, అంతే సంఖ్య (88,391) గల టీకా వేయని వర్గంలో 499 మందికి క్షయ వచ్చింది. పెద్దవారి ఊపిరితిత్తుల క్షయ నుండి ఈ ప్రాంతంలో టీకా రక్షణ ఇవ్వలేదని స్పష్టమయింది. 15 సంవత్సరాల పరిశీలన ఫలితాలు 1999లో వెలువడినపుడు కూడా ఈ నిర్ణయం మారలేదు.

ఫలితాల వివరణ

ఈ తేడాకు అనేక కారణాలు ప్రతిపాదించబడ్డాయి. వీటిలో ఎక్కువమంది అంగీకరించేది పరిసరాలలోని ఇతర బాక్టీరియాలకు సంబంధించినది. వేడి ప్రాంతాలలో మట్టిలోను, నీటిలోను క్షయ బాక్టీరియాకు దగ్గరి జాతివి ఎన్నో ఉంటాయి. ఇవి సాధారణంగా హాని చేయవు. కాని వీటితో నిత్యం సంపర్కం వల్ల శరీరానికి కొంత నిరోధక శక్తి ముందే ఏర్పడుతుంది. అటువంటి వారికి తరువాత టీకా వేసినా అదనంగా కలిగే ప్రయోజనం తక్కువ. మదనపల్లె, చెంగల్పట్టు రెండూ దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. 1994లో జి.ఎ.కోల్డిట్జ్, అతని సహచరులు వివిధ దేశాల పరిశోధనలను కలిపి విశ్లేషించి, సగటున 50 శాతం రక్షణ ఉన్నదని, భూమధ్యరేఖకు దూరమయ్యే కొద్దీ ఆ రక్షణ పెరుగుతున్నదని చూపారు.

ఈ వివరణ నుండి మరొక ముఖ్య విషయం తేలుతుంది. అప్పుడే పుట్టిన శిశువుకు పరిసరాలలోని బాక్టీరియాలతో ఇంకా పరిచయం ఉండదు. కనుక శిశువులలో టీకా చక్కగా పనిచేసే అవకాశం ఉంది. పసివారిలో క్షయ మెదడు పొరలకు సోకి మెనింజైటిస్‌గా గాని, రక్తం ద్వారా శరీరమంతటా వ్యాపించి గాని ప్రాణాంతకమవుతుంది. బతికిన పిల్లలలో కొందరికి చూపు, వినికిడి, బుద్ధి దెబ్బతింటాయి. ఈ రెండు రూపాల నుండి బి.సి.జి. గట్టి రక్షణ ఇస్తుందని అనేక దేశాల పరిశీలనలు నిర్ధారించాయి. చెంగల్పట్టు ఫలితాలు వచ్చిన తరువాత 1980లో సమావేశమయిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు శిశువులకు టీకా కొనసాగించాలని సిఫారసు చేయడానికి ఇదే కారణం.

టీకా ప్రస్తుత వినియోగం

1962లో మొదలయిన జాతీయ క్షయ నివారణ కార్యక్రమంలో బి.సి.జి. భాగమయింది. 1978లో ప్రారంభమయిన విస్తృత టీకాల కార్యక్రమం, 1985లో ప్రారంభమయిన సార్వత్రిక టీకాల కార్యక్రమం దీనిని శిశువుల టీకాగా స్థిరపరచాయి. ముందుగా ట్యుబర్కులిన్ పరీక్ష చేసే పద్ధతిని మానివేసారు. జాతీయ టీకాల పట్టిక ప్రకారం బిడ్డ పుట్టిన వెంటనే గాని, వీలయినంత త్వరగా గాని ఎడమ భుజంపై చర్మంలోకి ఒకే మోతాదు వేస్తారు. అప్పుడు వీలుకాకపోతే సంవత్సరం నిండేలోగా వేయవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 12 - 23 నెలల వయసు పిల్లలలో దాదాపు 95 శాతం మంది ఈ టీకా పొందినట్లు తేలింది.

టీకా తరువాత చంకలో బిళ్ళ కట్టడం కొందరు పిల్లలలో కనిపిస్తుంది. వ్యాధి నిరోధక శక్తి పుట్టుకతోనే లోపించిన శిశువులలో అరుదుగా టీకాలోని బాక్టీరియా శరీరమంతటా వ్యాపించవచ్చు.

పెద్దవారిలో క్షయ అదుపునకు టీకా కాక, రోగులను త్వరగా గుర్తించి పూర్తికాలం మందులు వాడించడమే ప్రధాన మార్గమయింది. రోగులకు ఇంటివద్దనే చికిత్స చేయవచ్చునని మద్రాసులో 1956లో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం నిరూపించింది.

తరువాతి వివాదాలతో పోలిక

1955లో లేవనెత్తిన అనుమతి ప్రశ్న అర్ధ శతాబ్దం తరువాత మరల ముందుకు వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్.పి.వి. టీకాను 2009 జూలైలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో 10 - 14 సంవత్సరాల బాలికలకు వేయడం మొదలుపెట్టారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలలో సుమారు 14 వేల మంది బాలికలతో దీనిని నిర్వహించాయి. ఇదే పథకం గుజరాత్‌లోను నడిచింది. టీకా పొందిన బాలికలలో ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు, గుజరాత్‌లో ఇద్దరు మరణించడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం పథకాన్ని నిలిపివేసింది.

మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణలో తేలలేదు. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు తాగడం, మలేరియా వంటివి కారణాలుగా నమోదయ్యాయి. అయితే అనుమతి తీసుకున్న తీరు తీవ్ర విమర్శకు గురయింది. 2013 ఆగస్టులో పార్లమెంటుకు సమర్పించిన స్థాయీ సంఘం నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అనుమతి పత్రాలలో 1,948 పత్రాలపై వేలిముద్రలు, 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు వసతిగృహ సంరక్షకుల సంతకాలు ఉన్నాయి.

ఈ రెండు ఉదంతాలలోను టీకా భద్రత, టీకా పనితనం, తల్లిదండ్రుల అనుమతి అనే మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే వివాదంగా కలిసిపోయాయి. ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానం మిగిలినవాటికి వర్తించదు. హెచ్.పి.వి. టీకా మరణాలకు కారణమని తేలకపోవడం వల్ల అనుమతి పత్రాలలోని లోపం తొలగలేదు. అలాగే బి.సి.జి. పెద్దవారిలో పనిచేయలేదని తేలడం వల్ల పసివారికి అది అనవసరమని కాలేదు.

ఇవి కూడా చూడండి

- క్షయ
- టీకా
- మదనపల్లె
- చక్రవర్తి రాజగోపాలాచారి
- రాజకుమారి అమృత్ కౌర్
- మశూచి